లెన్స్ పేరు రాశారు, జెల్ పేరేదీ?

మా పిన్ని కంటి ఆపరేషన్ డిశ్చార్జి కాగితం నా బీరువాలో, నా నర్సింగ్ సర్టిఫికెట్ల కవర్లోనే ఉంది. ఎన్నిసార్లు తీసి చూశానో లెక్కలేదు. కుడి కన్ను, శుక్లం, తేదీ. కింద లెన్స్ డబ్బాలోంచి ఊడదీసి అంటించిన స్టిక్కరు: కంపెనీ పేరు, పవరు, సీరియల్ నంబరు, ఎక్స్‌పైరీ. ఆ కింద చుక్కల మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో. తలస్నానం వద్దు, బరువులెత్తొద్దు, కన్ను నలపొద్దు. అంతే.

మర్నాడు పొద్దున కట్టు విప్పితే నల్లగుడ్డు మొత్తం ఈ చివర్నించి ఆ చివరిదాకా తెల్లగా, ఆవిరి పట్టిన అద్దంలా ఉంది. "వాపు, తగ్గిపోతుంది" అన్నారు. వారం చూశాం, నెల చూశాం, మూడు నెలలు చూశాం. చుక్కలు మార్చారు, బిళ్ళలు మార్చారు. ఆ మసక అలాగే ఉండిపోయింది. చివరికి ఒక కార్నియా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మైక్రోస్కోపులో చాలాసేపు చూసి, తలెత్తి నన్ను అడిగిన మొదటి మాట: "ఏం విస్కో వాడారమ్మా?"

విస్కో అంటే ఆపరేషన్ చేసేటప్పుడు కంట్లో నింపే జెల్. కాగితం చేతికిచ్చాను. ముందు చూశారు, తిప్పి వెనక చూశారు, మడిచి తిరిగి ఇచ్చేశారు.

నేను విజయవాడలో కంటి ఆపరేషన్ థియేటర్లో 18 ఏళ్లుగా స్క్రబ్ నర్సుని. డాక్టర్లు చెయ్యి చాపి "విస్కో" అంటే ఆ సిరంజి అందించే చెయ్యి నాది. రోజుకి ఎన్నిసార్లు వింటానో ఆ మాట. అలాంటిదాన్ని, సొంత పిన్ని ఆపరేషన్ రోజు ఫోన్ చేసి "ఏ లెన్స్ వేస్తున్నారు పిన్నీ?" అని అడిగానే తప్ప, ఏ జెల్ వాడుతున్నారో కనుక్కోమని ఒక్క ముక్క అనలేదు. అడగాలని నాకే తట్టలేదు. రాయాలని ఆ ఆస్పత్రివాళ్లకీ తట్టలేదు. శుక్లం ఆపరేషన్ అయిన ప్రతి మనిషి కాగితం మీద, లెన్స్ స్టిక్కరు పక్కనే, కంట్లో వాడిన జెల్ పేరూ బ్యాచ్ నంబరూ కూడా ఉండాలి. దీన్ని నేను ఎవరితోనైనా వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ జెల్ ఏం చేస్తుందో చెప్పాలి. చాలామందికి అలాంటిది ఒకటుందనే తెలియదు.

కంటి ముందుభాగంలో, నల్లగుడ్డు మీద గాజులా మెరిసే కార్నియాకీ, లోపలున్న సహజ లెన్సుకీ మధ్య ఒక చిన్న గది ఉంటుంది. లోతు సుమారు 3 మిల్లీమీటర్లు. నిండా నీళ్లు. డాక్టరు గాటు పెట్టగానే ఆ నీళ్లు బయటికి జారతాయి, గది కూలుతుంది. గాలి తీసేసిన సైకిల్ ట్యూబ్ లోపలి గోడలు ఎలా అతుక్కుంటాయో, అలా కార్నియా వచ్చి లెన్స్ మీద పడుతుంది. ఆ స్థితిలో లోపల పనిముట్టు కదిపితే తగిలేది కార్నియాకే. అందుకని ముందు ఆ గదిని జెల్‌తో నింపుతారు. గది నిలబడుతుంది, కంటిపాప కూడా కాస్త వెడల్పవుతుంది. లెన్స్ ముందు పొరని గుండ్రంగా చించే ఘట్టం, అంటే మేం రెక్సిస్ అనేది, ఆ జెల్ అదిమి పట్టుకుంటేనే సవ్యంగా జరుగుతుంది. లేకపోతే చిరుగు అంచువైపు పరుగెడుతుంది. కొత్త లెన్స్ లోపలికి వెళ్లేటప్పుడు మళ్ళీ జెల్. ఖాళీ అయిన లెన్స్ సంచిని ఉబ్బించి పట్టుకునేది అదే. ఆ సంచి వెనక పొర మందం మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగు ఉంటే ఎక్కువ.

జెల్ అంటే ఏ జిగురైనా పనికిరాదు. దీనికొక గుణం కావాలి. ఇంట్లో గడ్డపెరుగు చూడండి. గిన్నె కాస్త వంచినా కదలదు, గరిటె పెట్టి తిప్పితే జారుగా అయిపోతుంది. ఈ జెల్ కూడా కదలకుండా ఉన్నప్పుడు చిక్కగా గదిని మోస్తుంది. కాన్యులా అనే సన్నటి మొద్దు సూది గుండా నెట్టినప్పుడు మాత్రం పల్చనై సాఫీగా పోతుంది. తేడా ఒక్కటే: కలిపిన పెరుగు మళ్ళీ గడ్డకట్టదు, జెల్ మాత్రం నెట్టడం ఆపిన మరుక్షణం తిరిగి చిక్కబడుతుంది. ఇటు నీళ్లలా పారే గుణం, అటు రబ్బరులా సాగి వెనక్కొచ్చే గుణం, రెండూ ఉండబట్టే దానికి విస్కోఎలాస్టిక్ అని పేరు. థియేటర్లో మాకు అంత పేరుతో పనిలేదు, విస్కో.

సిరంజి నా చేతికి వచ్చాక నేను చేసే పని నిమిషం కూడా ఉండదు. కాన్యులా పెట్టి మరతిప్పి బిగిస్తాను. బిగించాక ఇంకోసారి లాగి చూస్తాను. తర్వాత ట్రేలో ఉన్న గాజు గిన్నెలోకి ఒక చుక్క నెడతాను. గాలి బుడగ వస్తే అది పోయేదాకా నెడతాను. ఆ చుక్క కిందపడకుండా కొసన వేలాడుతూ, లైటు కింద వానచుక్కలా మెరుస్తుంది. అప్పుడే డాక్టరు చేతికిస్తాను. ఈ చిన్న అలవాటు వెనక పెద్ద భయం ఉంది. చిక్కటి జెల్‌ని గట్టిగా నొక్కినప్పుడు, సరిగా బిగించని కాన్యులా ఊడి బాణంలా కంట్లోకి దూసుకుపోవచ్చు. అలా రెటీనా దాకా దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. కొత్తగా చేరిన ఏ అమ్మాయికైనా నేను మొదటి రోజు నేర్పేది ఇదే. "మూడుసార్లు బిగించినా నాలుగోసారి చూడు తల్లీ" అంటాను.

గది కూలకుండా చూడటం కంటికి కనబడే పని. దానికంటే పెద్ద పని కంటికి కనబడదు. కార్నియా లోపలి గోడకి ఒకే ఒక్క వరుసలో కణాలుంటాయి, ఎండోథీలియం అంటారు. కార్నియాలోకి ఊరే నీటిని రాత్రీ పగలూ బయటికి తోడేసేవి అవే. అవి తోడితేనే కార్నియా గాజులా ఉంటుంది. తోడటం ఆగితే నీరుపట్టి తెల్లబడుతుంది. వయసులో ఉన్నప్పుడు చదరపు మిల్లీమీటరుకి సుమారు 3000 కణాలుంటాయి, ఏటేటా కొన్ని రాలిపోతుంటాయి. పోయిన కణం బదులు కొత్తది పుట్టదు. మిగిలినవే కాళ్లు చాపుకొని ఆ ఖాళీ నింపుతాయి. 500 దాకా పడిపోతే ఇక కార్నియా తట్టుకోలేదు. శుక్లం ముక్కలు చేసేటప్పుడు ఎగిరే తునకలు, శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చే ఫేకో యంత్రం నించి వచ్చే వేడి, సుడులు తిరిగే నీళ్లు, లెన్స్ అంచు, ఇవన్నీ ఆ ఒక్క వరుస మీదికే వస్తాయి. వాటికి అడ్డంగా నిలబడేది జెల్ పూత. లెన్స్ సరిపోకపోతే మార్చొచ్చు, పవరు తేడా వస్తే కళ్లజోడు పెట్టుకోవచ్చు. ఎండోథీలియం పోతే వేరొకరు చనిపోయాక దానమిచ్చిన కన్ను కావాలి.

ఈ సౌకర్యం మొదట్నించీ లేదు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లో మనిషి కంట్లో మొట్టమొదటి కృత్రిమ లెన్స్ పెట్టినప్పుడు ఈ జెల్ లేదు. తర్వాత చాలా ఏళ్లు గదిని గాలి బుడగతోనో సెలైన్‌తోనో నిలబెట్టి పనిచేసేవాళ్లు. గాలి జారిపోతే గది కూలేది. నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్ ఆ రోజులు చూసింది. "లెన్స్ లోపలికి పోయేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లమే" అనేది. మార్పు తెచ్చిన పదార్థం మన కళ్లల్లోనే ఉంది. 1934లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంట్లోని జెల్లీ నించి హయలురోనిక్ ఆమ్లాన్ని వేరు చేశారు. గాజుకి గ్రీకు మాట నించి ఆ పేరు పెట్టారు. దాన్ని కంట్లో వాపు రానంత శుద్ధంగా తీసే పద్ధతి కనిపెట్టింది ఎండ్రే బలాజ్ అనే హంగేరీ శాస్త్రవేత్త. ఆయన ఎక్కడ్నించి తీశాడో తెలిస్తే మా కృష్ణా గుంటూరు జిల్లాలవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు: కోడిపుంజు తలమీది ఎర్రటి జుట్టు నించి. సంక్రాంతి బరుల్లో మనం చూసే ఆ జుట్టులో ఈ పదార్థం దండిగా ఉంటుంది. అలా 1980 ప్రాంతంలో స్వీడన్ కంపెనీ ఫార్మాసియా నించి హీలాన్ పేరుతో కంటి జెల్ బజారులోకి వచ్చింది. ఇప్పుడైతే సూక్ష్మజీవుల్ని పెంచి కూడా తయారుచేస్తున్నారు.

మన దగ్గర ఎక్కువగా వాడేది ఇది కాదు. హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్, పొట్టిగా హెచ్.పి.ఎమ్.సి., 2 శాతం. చెట్ల నారలోని సెల్యులోజ్ నించి చేస్తారు. చవక. ఫ్రిజ్ అక్కర్లేదు, మామూలు గదిలో ఉంచొచ్చు. మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రివాళ్లు 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్స్ ధరని పేదవాడి దాకా దించారు. అదే వరసలో చవక జెల్ కూడా లేకపోతే మన ఊళ్ల క్యాంపుల్లో అన్ని లక్షల మందికి చూపు వచ్చేది కాదు. ఈ మాట గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే నా వాదన విని "అయితే చవక జెల్ చెడ్డదా?" అని అడిగేవాళ్లున్నారు. చెడ్డది కాదు. నా చేతుల మీదుగా వెళ్లిన సిరంజిల్లో ఎక్కువ అవే. మర్నాడు పొద్దున కార్నియాలు అద్దాల్లా మెరుస్తుంటే చూసినదాన్ని.

అయితే జెల్లన్నీ ఒకటి కావు. సోడియం హయలురోనేట్‌లో, అంటే ఇందాకటి హయలురోనిక్ ఆమ్లపు లవణంలో, పొడవాటి గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. గదిని బాగా నిలబెడుతుంది, తీసేటప్పుడు తాటిముంజె జారినట్టు ఒకే ముద్దగా వచ్చేస్తుంది. కాండ్రాయిటిన్ సల్ఫేట్ కలిపిన జెల్లు బెండకాయ జిగురులాంటివి. కార్నియా గోడకి అంటుకుని, ఫేకో నీళ్లు ఎంత కొట్టినా ఊడవు, రక్షణ ఎక్కువ. హెచ్.పి.ఎమ్.సి. కూడా పరుచుకునే రకమే, కానీ అంత పట్టు ఉండదు. 1999లో కెనడా డాక్టరు స్టీవ్ ఆర్షినాఫ్ రెండు రకాల్నీ కలిపి వాడే పద్ధతి రాశారు. ముందు అంటుకునే జెల్ వేసి, దాని కిందనించి గట్టి జెల్ నెడితే, మొదటిది పైకి లేచి కార్నియాకి లేపనంలా పరుచుకుంటుంది. చూస్తే ఎంత చక్కగా ఉంటుందో.

ఎవరికి ఏది అన్నది డాక్టరు తేల్చాలి. మెత్తటి శుక్లం, బలమైన కార్నియా ఉంటే ఏ జెల్ అయినా పని సాఫీగా నడుస్తుంది. గోధుమరంగులోకి తిరిగి రాయిలా గట్టిపడిన శుక్లం, అప్పటికే కణాలు తగ్గిన కార్నియా, ఏళ్లనాటి షుగరు, వీటికి రక్షణ ఎక్కువ కావాలి. మా ప్రాంతంలో ఆ గట్టి శుక్లాలే ఎక్కువ వస్తాయి, జనం ఆలస్యంగా వస్తారు కాబట్టి. మా పిన్ని నలభై ఏళ్లు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసింది. ఆ ఘాటుకి కళ్లు మండటం, నీళ్లు కారడం ఆవిడకి రోజువారీ సంగతి. చూపు మందగిస్తుంటే "మిర్చి వల్లేలే" అనుకుంది. మొహం ముందు వేళ్లు పెడితే లెక్కపెట్టలేని దశకొచ్చాక చెప్పింది. అలాంటి కంటికి ఏ జెల్ ఎంత వాడారన్నది చిన్న విషయమా?

ఆస్పత్రుల్లో ప్యాకేజీ బోర్డు చూడండి. సూర్యారావుపేటలో చూసినా, గుంటూరు కొత్తపేటలో చూసినా ఒకటే తీరు. ఇండియన్ లెన్స్ ఇంత, ఇంపోర్టెడ్ లెన్స్ ఇంత, మల్టీఫోకల్ అయితే ఇంత. ప్యాకేజీలు వివరించే కౌన్సెలర్ అమ్మాయి మోడల్ కన్ను చేత్తో పట్టుకుని లెన్స్ గురించి అరగంట చెబుతుంది. జెల్ మాట రాదు. అది "కన్జ్యూమబుల్స్" అనే ఒక్క మాట కింద గ్లౌజులతో, దూదితో కలిసి పోతుంది. ప్యాకేజీ ధర తగ్గించమని బయటినించి ఒత్తిడి వచ్చినప్పుడు ముందు కోతపడేది ఈ కనబడని సరుక్కే. రేటు చూసి కొనే మేనేజరుకి రెండు సిరంజిల మధ్య తేడా కనబడదు, రెండూ తేటగా నీళ్లలాగే ఉంటాయి.

ఇక మా ఎండలు. హయలురోనేట్ సిరంజిలు సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెలలో బెజవాడ సంగతి చెప్పాలా? 45 డిగ్రీల ఎండలో ఏలూరు రోడ్డు మీద బైకు వెనక అట్టపెట్టెలో వస్తుంది సరుకు. లోపల ఐస్ ప్యాకులు ఉండాలి. ఒకసారి పెట్టె విప్పితే ఐస్ ప్యాకు కరిగి వెచ్చగా ఉంది. నేను తీసుకోనన్నాను. ఆ కుర్రాడు "మందేగా అక్కా, పాలా విరగడానికి" అన్నాడు. నిజమే, విరిగితే తెలిసేది. ఎండకి పాడైన జెల్ చూడ్డానికి మామూలుగానే ఉండొచ్చు, కంట్లోకి వెళ్లాక గదిని నిలబెట్టలేదంతే. పెట్టె వెనక్కి పంపించాను. ఆరోజు రెండు కేసులు వాయిదా పడ్డాయి, మాటలూ పడ్డాను. వాడేముందు ఫ్రిజ్‌లోంచి తీసి ఒక అరగంట బయట ఉంచడం, ఆ తీసిన టైము రాయడం కూడా ఈ పనిలో భాగమే. కరెంటు పోయి ఫ్రిజ్ ఎంతసేపు ఆగిందో ఎవరు రాస్తున్నారు?

ఇంకొకటి రాయకపోతే ఇదంతా సగం నిజమే అవుతుంది. నేను మొదట్లో చేరిన ఒక చిన్న ఆస్పత్రిలో, 2 మిల్లీలీటర్ల సిరంజిలో సగం ఒకరికి వాడి, కాన్యులా మార్చి, మిగతా సగం తర్వాతి మనిషికి వాడేవాళ్లు. "కాన్యులా మార్చాంగా" అనేవాళ్లు. కాన్యులా మార్చినంత మాత్రాన సిరంజి శుభ్రం కాదు. ఒకరి కంటిలో పనిచేసి బయటికొచ్చిన సిరంజి ఇంకొకరి కంటికి వెళ్లకూడదు. డబ్బా మీదే ఒక్కరికే అని రాసి ఉంటుంది. అప్పుడు నాకు 22 ఏళ్లు, ఉద్యోగం కావాలి, నోరెత్తలేదు. మూడు నెలలకి మానేశాను. ఆ మూడు నెలల్లో నేను అందించిన సిరంజిల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. ఇది నా తప్పే. ప్రతి కాగితం మీదా బ్యాచ్ నంబరు స్టిక్కరు అంటించాల్సి ఉంటే, ఒక డబ్బాకి ఒకే స్టిక్కరు కాబట్టి, ఆ పని అంత తేలిగ్గా సాగేది కాదు.

కాన్యులాల సంగతి కూడా అంతే. వాడిన కాన్యులాలో జెల్ ఎండిపోతే, ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో ఎంత శుద్ధి చేసినా ఆ ఎండిన పొర లోపలే ఉంటుంది. తర్వాతి కంట్లోకి అది కరిగి వెళ్తుంది. సూక్ష్మజీవి చచ్చినా దాని విషపు తునకలు మిగులుతాయి. అప్పుడు వచ్చేదే టాస్, ఆపరేషనైన 12 నుంచి 48 గంటల్లోపు కంటి ముందుభాగమంతా వాచి, కార్నియా ఈ చివర్నించి ఆ చివరిదాకా తెల్లబడటం. చీముపట్టే ఇన్‌ఫెక్షన్ సాధారణంగా రెండు మూడు రోజులు తీసుకుంటుంది, ఇది మర్నాడే కనబడుతుంది. మా పిన్ని కన్ను మర్నాడే తెల్లబడింది. అది టాసేనని నేను అనను. గట్టి శుక్లం వల్ల కణాలు దెబ్బతిని ఉండొచ్చు, కంటిని కడిగిన ద్రవం కారణం కావచ్చు, ఆవిడ కార్నియాలో ముందే కణాలు తక్కువ ఉండొచ్చు. అదే నా బాధ. జెల్ కారణమా కాదా అని తేల్చుకోవడానికి ఒక చిన్న గీత కూడా మిగల్చలేదు. అదే రోజు అదే బల్ల మీద ఇంకెవరికైనా అలా అయిందేమో, అదే బ్యాచ్ ఇంకెక్కడికి వెళ్లిందో, ఎవరినీ అడగలేకపోయాం.

జెల్ వేయడం ఎంత ముఖ్యమో, తీసేయడం అంతకంటే ముఖ్యం. ఆపరేషన్ చివర్లో దాన్ని పూర్తిగా కడిగి పీల్చేయాలి. ముఖ్యంగా కొత్త లెన్స్ వెనక దాక్కున్నది. మంచి సర్జన్ లెన్స్‌ని ఒకపక్క తట్టి, ఇంకోపక్క తట్టి, ఆ వెనకది ముందుకి వచ్చేదాకా వదలడు. జెల్ పారదర్శకం కాబట్టి ఉందో పోయిందో తెలియడానికి ఓపిక కావాలి. 25 కేసుల లిస్టులో 22వ కేసు దగ్గర ఆ ఓపికే ముందు కరువవుతుంది. మిగిలిపోయిన జెల్ కంటి లోపలి నీరు బయటికి పోయే జల్లెడలో ఇరుక్కుంటుంది, కంటి ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండాల్సింది 40 దాటిన కళ్లు నేను చూశాను. ఈ పెరుగుదల ఎక్కువగా ఆపరేషనైన మొదటి కొన్ని గంటల్లో, నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య, పతాక స్థాయికి చేరుతుంది.

అంటే ఏమిటో ఆలోచించండి. పొద్దున పదింటికి ఆపరేషన్, పన్నెండున్నరకి పెరుగన్నం పెట్టి, నల్లకళ్లజోడు పెట్టి పంపించేస్తారు. రేపల్లె బస్సెక్కి, దిగి, ఆటోలో ఊరు చేరేసరికి సాయంత్రం. సరిగ్గా అప్పుడే కన్ను పొడుస్తుంది, కనుబొమ్మ పైన నుదురు పగిలిపోతుంది, వాంతులవుతాయి. ఇంట్లోవాళ్లు "ఆపరేషనైంది కదా, నొప్పి ఉంటుందిలే" అని ఒక నొప్పి బిళ్ళ వేసి పడుకోబెడతారు. నీటికాసులున్న కంటికి ఆ ఒక్క రాత్రి చాలు నరం దెబ్బతినడానికి. ప్రెషర్ తగ్గించే ఎసిటజోలమైడ్ బిళ్ళ ఆ రాత్రికి అవసరమైతే ఇవ్వొచ్చు, ఫోను చేస్తే వెనక్కి రమ్మనొచ్చు. ఏ జెల్ ఎంత ఉండిపోతుందో తెలిసిన డాక్టరుకి ఫోనులో లక్షణాలు విన్నా సగం అర్థమవుతుంది. ఆ రాత్రి ఫోనెత్తేది వేరే డ్యూటీ డాక్టరైతే, ఆయన చేతిలో ఆ పేరు ఎక్కడ ఉండాలి?

ఇదంతా మా డాక్టర్లతో చాలాసార్లు అన్నాను. ఒకరు అన్నారు: "సిస్టర్, సర్జన్ చెయ్యి బాగుంటే ఏ జెల్‌తోనైనా చేస్తాడు." ఒప్పుకుంటాను. చెయ్యే ముఖ్యం. కానీ చెయ్యి బాగున్న సర్జనే జెల్ గురించి ఎక్కువ పట్టించుకోవడం నేను చూశాను. సిరంజి చేతిలో పడగానే పేరు చూసేది ఆయనే. ఇంకొకరు అన్నారు: "ఇవన్నీ చెబితే జనం భయపడతారు." లెన్స్ గురించి అరగంట చెబితే భయపడని మనిషి, జెల్ గురించి రెండు నిమిషాలు చెబితే ఎందుకు భయపడతాడు? మిరపకాయలో ఎన్ని రకాలో, ఏ రకానికి ఎంత ఘాటో చూపుతో చెప్పగల మనుషులు వీళ్లు. మేడమ్ ఒకావిడ అన్నమాట మాత్రం నన్ను ఆలోచింపజేసింది: "ఇప్పటికే కాగితాలు రాసి రాసి చస్తున్నారు మీరు, ఇంకోటా?" నిజమే, నర్సుల మీద రాతపని భారం ఎంతుందో నాకంటే ఎవరికి తెలుసు? అయినా ఇది రాయడం కూడా కాదు. చాలా కంపెనీల డబ్బాలో ఊడదీసే స్టిక్కరు ఉంటుంది. లేకపోతే డబ్బా మీది బ్యాచ్ నంబరు ఒక్క వరసలో రాయాలి. పది సెకన్లు.

ఆ మేడమే తర్వాత ఒప్పుకున్నారు. మూడేళ్లుగా మా థియేటర్లో లెన్స్ స్టిక్కరు పక్కన జెల్ స్టిక్కరు కూడా అంటిస్తున్నాం. ఎవరూ మమ్మల్ని చెయ్యమనలేదు. లేని రోజు నేను నీలం పెన్నుతో రాస్తాను: పేరు, బ్యాచ్, ఎన్ని మిల్లీలీటర్లు. ఆ అలవాటు వచ్చాక ఒకసారి ఒకే వారంలో ఇద్దరికి మర్నాడు వాపు ఎక్కువగా కనబడింది. రెండు షీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే బ్యాచ్ ఒకటే. మిగతా సిరంజిలన్నీ పక్కన పెట్టేశాం, కంపెనీకి రాశాం. ఇద్దరి కళ్లూ చుక్కలతో సర్దుకున్నాయి. బ్యాచ్‌లో తప్పుందో లేదో అన్నది వేరే సంగతి, కానీ మూడో మనిషి కంట్లోకి ఆ సిరంజి వెళ్లలేదు.

కంటి ఆపరేషన్‌కి ఇంట్లోవాళ్లని తీసుకెళ్తున్నవాళ్లకి ఒక మాట. లెన్స్ గురించి అడగండి, తప్పకుండా అడగండి. దాంతోపాటు "ఏ జెల్ వాడతారు సార్? మా అమ్మ శుక్లం గట్టిదన్నారు కదా, దానికది సరిపోతుందా?" అని అడగండి. గట్టి శుక్లమైతే కార్నియా కణాల లెక్క తీసే స్పెక్యులర్ పరీక్ష చేయించారో లేదో అడగండి. సిరంజి ఒక్కరికే వాడతారా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ రాత్రి నొప్పి, వాంతులు వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబరు రాయించుకోండి. డిశ్చార్జి కాగితంలో జెల్ పేరు లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. మర్యాదగానే అడగండి, కానీ రాయించుకోకుండా కదలొద్దు.

పిన్ని కుడి కంటికి తర్వాత వేరొకరు దానమిచ్చిన కంటి లోపలి పొర వేశారు. కొంత మెరుగు. ఆ కంటితో మనిషి ఆకారం పోల్చుకుంటుంది, మొహం పోల్చుకోలేదు. రెండో కంటికి ఆపరేషన్ అంటే రెండేళ్లు ససేమిరా అంది. "ఉన్నది కూడా పోతే?" అనేది. నేను వాదించలేదు. ఒకరోజు ఆవిడే ఫోన్ చేసి "నువ్వుండే చోటయితే వస్తానే" అంది.

మా థియేటర్లోనే చేశారు. సొంతవాళ్ల కేసు కాబట్టి ట్రే దగ్గర వేరే అమ్మాయి నిలబడింది, నేను బయటి సామాను అందించే పక్క ఉన్నాను. రెండు రకాల జెల్ తీయించారు మేడమ్. ఆ అమ్మాయి కాన్యులా బిగించి, లాగి చూసి, నా వైపు చూసి, ఇంకోసారి బిగించింది. పచ్చగుడ్డ కిందనించి పిన్ని "అమ్మాయ్, ఉన్నావా?" అంది. "ఉన్నా పిన్నీ, మాట్లాడకు" అన్నాను. చివర్లో మేడమ్ లెన్స్‌ని తట్టి తట్టి వెనకున్నది తీస్తుంటే నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. తొందరపడలేదు ఆవిడ.

రాత్రికి ఊరు పంపించలేదు, మా ఇంట్లోనే పడుకోబెట్టాను. రెండుసార్లు లేచి "నొప్పి ఉందా?" అని అడిగితే రెండోసారి విసుక్కుంది. పొద్దున కట్టు విప్పాక డిశ్చార్జి కాగితం చేతికిస్తే, కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరగా తెచ్చి చూసింది. పిన్నికి చదువు రాదు.

"ఇదేంటే, పోయినసారి ఒకటే అంటించారు. ఈసారి రెండున్నాయే?"

"ఒకటి లెన్స్‌ది పిన్నీ. రెండోది, ఆ లెన్స్‌ని జాగ్రత్తగా లోపలికి తీసుకెళ్లిన జెల్‌ది."

ఆ రెండో స్టిక్కరు మీద వేలు పెట్టి ఒకసారి తడిమి చూసి, కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.